ఉగాది ప్రోగ్రాం రాత్రి 8కి ముగించండి, బిడ్డలు నిద్రపోవాలి



పోయినసారి రాసినప్పుడు ఒక తమ్ముడు అడిగాడు, "అన్నా, మేము మేము అని రాస్తారే, ఆ మేము ఎవరు?" అని. మేమంటే మేమూ మా ఇంటామే. రాసేది ఒకరు, పక్కన కూర్చుని ఇది రాయండి, అది కొట్టేయండి అనేది ఇంకొకరు. బడిలో చదివింది తమిళ మీడియం. తెలుగు అక్షరాలు రైల్వేలో చేరాక, రేణిగుంట వైపు స్టేషన్ల బోర్డులు కూడబలుక్కుని నేర్చుకున్నవి. తప్పులుంటే దిద్దుకుని చదవండి.

ఈసారి విషయం చిన్నపిల్లల నిద్ర. సంఘం పేజీలో ఇదేం విషయం అనుకుంటారేమో. సంఘానికీ దీనికీ సంబంధం ఉంది కాబట్టే రాస్తున్నాం.

పోయిన ఉగాదికి కార్డులో సాయంత్రం 5 గంటలు అని వేశాం. ముఖ్య అతిథి వచ్చేసరికి 7. తర్వాత దీపం, ప్రార్థన, శాలువాలు, కార్యదర్శి నివేదిక, కోశాధికారి నివేదిక, ఆ ఇద్దరికీ ధన్యవాదాలు చెప్పడానికి మరో ఇద్దరు. పిల్లల పద్యాల పోటీ మొదలయ్యేసరికి రాత్రి 9:40. ఒక నాలుగేళ్ళ పాప, పేరు ఎందుకు, మనవాళ్ళ బిడ్డే, వాళ్ళమ్మ భుజం మీద నిద్రపోతా ఉంది. పేరు పిలిచారు. లేపి, ముఖం తుడిచి, జడ సరిచేసి స్టేజీ మీద నిలబెట్టారు. మైకు ఆ బిడ్డ తలకన్నా ఎత్తులో ఉంది. వారం రోజులు ఇంట్లో నేర్పిన పద్యం. మొదటి మాట అని, అటూ ఇటూ చూసి, ఏడ్చేసింది. మా వెనక వరసలో ఒకాయన అన్నాడు, "చూశారా, ఈ కాలం పిల్లలకు తెలుగు నోరు తిరగదు" అని.

అయ్యా, నోరు తిరగక కాదు. నిద్ర.

ప్రోగ్రాం అయ్యేసరికి 11. మరుసటి రోజు సోమవారం, ఎల్‌కేజీ వ్యాను 7:45కి వస్తుంది. మాకు టైంటేబుల్ వేసుకోవడం అలవాటు కదా, లెక్క వేశాం. 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చిన్నపిల్లల నిద్ర ఎంత ఉండాలో చెప్పింది. మూడు నెలల లోపు బిడ్డకు రోజుకు 14 నుంచి 17 గంటలు. నాలుగో నెల నుంచి ఏడాది నిండేదాకా 12 నుంచి 16. ఒకటి రెండేళ్ళ వాళ్ళకు 11 నుంచి 14. మూడు నాలుగేళ్ళ వాళ్ళకు 10 నుంచి 13. ఇందులో పగటి కునుకులు కూడా కలిసే ఉన్నాయి. వ్యాను 7:45 అంటే బిడ్డ 6:30కి లేవాలి. పది గంటలు వెనక్కి పోతే రాత్రి 8:30కి కన్ను మూయాలి. మన పాప ఆ రోజు ఇల్లు చేరి, పట్టు పావడా విప్పి, పడుకునేసరికి 12 దాటి ఉంటుంది. ఆరు గంటల నిద్రతో బడికి పోయింది. పెద్దవాళ్ళం మనం మధ్యాహ్నం భోంచేసి పడుకుని సరిచేసుకున్నాం.

ఏడాదికి ఒక్క రోజే కదా అంటారు. ఒక్క రోజైతే మేమూ నోరెత్తం. కానీ ఒక్క రోజా? రిసెప్షన్లు రాత్రి 9కి, పుట్టినరోజు కేకు 9:30కి, జాతర పాటకచేరీ తెల్లవారేదాకా. 2000 సంవత్సరపు శబ్దకాలుష్య నియమాల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా లౌడ్‌స్పీకరు పెట్టకూడదు. మన సభ్యుల్లోనే వకీళ్ళున్నారు, ఆ సంగతి వాళ్ళే బాగా చెప్పగలరు. పండగ లేని రోజుల్లో కూడా ఇంటి హాల్లో సీరియల్ అయ్యేదాకా ట్యూబులైటు వెలుగుతుంది, ఆ వెలుగులోనే బిడ్డను ఊపుతా, "ఎందుకు పడుకోడు వీడు?" అని విసుక్కుంటాం.

ఎందుకు పడుకోడో మాకు నైట్ డ్యూటీ చెప్పింది.

అరక్కోణంలో ఉన్నప్పుడు రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా షిఫ్టు వారాల తరబడి పడేది. డ్యూటీ దిగి సైకిల్ మీద క్వార్టర్స్‌కి వస్తుంటే ఎండ ముఖం మీద పడుతుంది. అంతే, నిద్ర పారిపోతుంది. ఒళ్ళు పడుకోమంటుంది, కళ్ళు పొద్దు పొడిచింది లెమ్మంటాయి. ఒక పాత గార్డు చెప్పాడు, వచ్చేటప్పుడు నల్లద్దాలు పెట్టుకో, గదికి నల్ల దుప్పటి కట్టు అని. అట్లా చేశాక నిద్ర పట్టింది. మన ఒంట్లో ఒక గడియారం ఉంది, దానికి కీ ఇచ్చేది వెలుతురు అని తర్వాత ఒక డాక్టరమ్మ విడమరిచి చెప్పింది. అప్పుడే పుట్టిన బిడ్డకు ఆ గడియారం ఇంకా నడవడం మొదలు కాదు. వాడికి పగలు రాత్రి ఒకటే. రెండు మూడు నెలల వయసులో అది మెల్లిగా కుదురుకుంటుంది. రాత్రిపూట తల్లిపాలలో మెలటోనిన్ అనే నిద్ర పదార్థం ఉంటుందట, పగటి పాలలో అంత ఉండదట. ఆ తల్లి శరీరమే బిడ్డకు ఇది రాత్రిరా అని చెప్తా ఉంటే, మనం ట్యూబులైటు వేసి కాదురా పగలు అని చెప్తున్నాం.

కాబట్టి చేయాల్సింది పెద్ద కష్టం కాదు. పొద్దున్నే బిడ్డను వాకిట్లోకి తీసుకురండి, లేత వెలుతురు పడనివ్వండి. పగలు కునుకు తీసేటప్పుడు ఇంట్లో మామూలు సందడి ఉన్నా పరవాలేదు, కిటికీలు మూసి చీకటి చేయనక్కర్లేదు. చీకటి పడ్డాక మాత్రం లైటు తగ్గాలి, గొంతు తగ్గాలి, రోజూ అదే వేళకు అదే వరస జరగాలి. ఒళ్ళు తుడవడం, బట్టలు మార్చడం, పాలు, పాట, పడక. రాత్రి పాలకు లేచినా పెద్ద లైటు వేయకుండా, ముద్దుమాటలు ఆడకుండా, పని చూసుకుని మళ్ళీ పడుకోబెట్టాలి. బిడ్డ నవ్వుతున్నాడని రాత్రి 2 గంటలకు తాత లేచి ఆటలాడితే, రేపు కూడా ఆ బండి 2 గంటలకు కరెక్టుగా వస్తుంది. ఆ తాత ఎవరో మా ఇంటామె ఇక్కడ రాయమంటోంది. రాయం.

ఇంకో సంగతి. చంటిబిడ్డతో రైల్లో పోయినవాళ్ళందరూ చూసే ఉంటారు. బండి నడుస్తున్నంతసేపూ బిడ్డ హాయిగా నిద్రపోతాడు, జోలార్‌పేట్‌లో ఆగిందంటే కెవ్వుమంటాడు. బిడ్డ నిద్ర గంటకోసారి, ఇంకా తక్కువలోనే, పైకి తేలి మళ్ళీ మునుగుతుంది. తేలినప్పుడు తాను దేనితో నిద్రపోయాడో అది ఉందా అని వెతుక్కుంటాడు. ఊపుతో నిద్రపోయినవాడు ఊపు కోసం, నోట్లో సీసాతో నిద్రపోయినవాడు సీసా కోసం, ఫోనులో బొమ్మలు చూస్తా నిద్రపోయినవాడు ఫోను కోసం ఏడుస్తాడు. మన తల్లులు చీరె తూళికి తాడు కట్టి, ఆ తాడు చేతికి చుట్టుకుని, నిద్రలోనే రాత్రంతా లాగుతా ఉండేవాళ్ళు. ఇప్పుడు దానికి మోటారు వచ్చింది. నాలుగు నెలలు నిండాక, కళ్ళు మూతలు పడుతుండగానే, పూర్తిగా నిద్రపోకముందే పక్కలో వేసి, పక్కన కూర్చుని తట్టడం అలవాటు చేస్తే మెల్లిగా వాడే మళ్ళీ మునగడం నేర్చుకుంటాడు. ఒక రోజులో రాదు. మా మనవడికి మూడు వారాలు పట్టింది. అందులో నాలుగు రాత్రులు ఇంట్లో ఎవరికీ నిద్ర లేదు.

తూళి అనగానే కొందరికి కోపం వస్తుందని తెలుసు. మనందరం అందులో పెరిగినవాళ్ళమే. కానీ బోర్లా పడటం, పొర్లడం వచ్చిన బిడ్డను చీరెలో వేసి రాత్రంతా వదిలేయడం మంచిది కాదు. పెద్దపిల్లలు అందులో ఎక్కి గిరగిరా తిరిగి, మెడకు చుట్టుకుని ప్రాణం పోయిన వార్తలు మన జిల్లా పేపర్లలో ఎన్నిసార్లు చదివాం? కొక్కేనికి చీరె వేలాడుతుంటే పెద్దవాళ్ళెవరో ఒకరు ఆ గదిలో ఉండాలి. పని అయిపోతే విప్పేయాలి. రాత్రికి గట్టి పరుపు, వెల్లకిలా పడక, దిండు వద్దు, ముఖం దగ్గర దుప్పట్లు బొమ్మలు వద్దు. అమెరికాలో 1994 నుంచి బిడ్డలను వెల్లకిలా పడుకోబెట్టండని ఊరూరా ప్రచారం చేశారు. నిద్రలోనే ఉన్నట్టుండి పోయే బిడ్డల సంఖ్య తర్వాతి ఏళ్ళలో సగానికి సగం తగ్గింది. ఒక్క రూపాయి మందు లేకుండా.

మందు అంటే ఒక తప్పు ఒప్పుకోవాలి. మా పెద్దోడికి రెండేళ్ళప్పుడు పాసులో దూరప్రయాణం పెట్టుకున్నాం. రాత్రి ఏడుస్తాడు, కంపార్టుమెంటులో అందరూ తిడతారు అని భయం. పక్క క్వార్టర్స్ ఆమె చెప్పింది, జలుబు సిరప్ ఒక మూత పోయండి, పొద్దున దాకా లేవడు అని. జలుబు లేదు, దగ్గు లేదు. పోశాం. లేవలేదు. పొద్దున 9 అయినా లేవలేదు, లేపితే తల వేలాడేసింది. ఆ రెండు గంటలు మేము పడిన భయం ఇప్పుడు రాస్తుంటే కూడా చేతికి వస్తోంది. దేవుడి దయ, వాడు లేచాడు, ఇడ్లీ తిన్నాడు. ఇప్పుడు వాడికే బిడ్డ. మొన్న ఊరికి బయలుదేరేటప్పుడు వాడు అడిగాడు, "నాయనా, రాత్రి బస్సు కదా, ఏదైనా సిరప్ పోద్దామా?" అని. కూర్చోబెట్టి వాడి కథ వాడికే చెప్పాం. 2023 డిసెంబరులో కేంద్ర ఔషధ నియంత్రణ శాఖ, క్లోర్‌ఫెనిరమిన్, ఫినైలెఫ్రిన్ కలిసిన జలుబు మందును 4 ఏళ్ళలోపు పిల్లలకు వాడకూడదని సీసా మీద రాయాలని ఆదేశించింది. సీసా మీద అంత చిన్న అక్షరాలు ఎవరు చదువుతారు? అందుకే ఇక్కడ రాస్తున్నాం. నిద్ర కోసం బిడ్డకు ఏ సిరప్పూ పోయకండి.

ఇది కొత్త జబ్బు కాదు. బొంబాయి మిల్లుల కాలంలో పనికి పోయే తల్లులు బిడ్డ కదలకుండా పడుకోవాలని నల్లమందు కలిసిన బాలగోళీ పెట్టేవాళ్ళు. మన తెలుగు నేతవాళ్ళు ఎందరో బతకడానికి పోయిన ఊరది. ఆ తల్లులను తిట్టడానికి మాకు నోరు రాదు. రోజంతా మిల్లు పని, బిడ్డను చూసేవాళ్ళు లేరు. మరి మనకేం వచ్చింది?

వస సంగతి కూడా చెప్పాలి. తమిళులు వసంబు అంటారు, పిళ్ళై వళర్ప్పాన్ అని ఇంకో పేరు, రాత్రిపూట అయితే ఆ పేరు కూడా పలకరు, పేర్ చొల్లా మరుందు అంటారు. వాళ్ళు కడుపునొప్పికీ నిద్రకూ అరగదీసి పోస్తారు, మనవాళ్ళు మాటలు రావాలని పోస్తారు, గలగలా మాట్లాడే పిల్లను వసపిట్ట అనేది అందుకే. మా అవ్వ మాకూ పోసే ఉంటుంది, ఈ రాతల పొడవు చూస్తే మీకే తెలుస్తుంది. కానీ వసలో ఉండే ఒక పదార్థం మంచిది కాదని అమెరికాలో 1968లోనే దాన్ని తిండిలో కలపకూడదన్నారు. ఆరు నెలలు నిండేదాకా బిడ్డకు తల్లిపాలు తప్ప ఏదీ వద్దని డాక్టర్లందరూ చెప్తున్నారు. వస వద్దు, గ్రైప్ వాటరు వద్దు, కడుపు నిండితే పడుకుంటాడని మూడో నెలలో సీసాలో రాగిజావ వద్దు. బిడ్డ కడుపు చిన్నది, రాత్రి రెండు మూడుసార్లు పాలకు లేవడం జబ్బు కాదు. జ్వరం ఉన్నా, పాలు తాగకపోయినా, ఆపకుండా ఏడుస్తున్నా, రోజూ గురక పెడుతున్నా డాక్టరు దగ్గరికి పోవాలి. దిష్టి తీస్తే తీయండి, మేమూ తీస్తాం. దిష్టి తీసిన అయిదు నిమిషాలకు బిడ్డ పడుకుంటాడనేది నిజమే. ఆ అయిదు నిమిషాలు ఇంట్లో అందరూ నోరు మూసుకుని ఉంటారు కదా. మిరపకాయల పొగ మాత్రం బిడ్డకు దూరంగా వేయండి.

ఇక రాత్రి లేచేది ఎవరు? మాలో రైల్వే జీతం తీసుకున్నది ఒకరే అయినా నైట్ డ్యూటీ ఇద్దరమూ చేశాం. ఒకరు స్టేషన్లో, ఒకరు తూళి పక్కన. స్టేషన్లో చేసినవాళ్ళకు వారానికి ఒక రెస్టు ఉండేది, నైట్ డ్యూటీ అలవెన్సు ఉండేది, షిఫ్టు అయితే రిలీఫ్ వచ్చేవాడు. తూళి పక్కన చేసినామెకు ముగ్గురు బిడ్డలకు ఏడేళ్ళు రిలీఫ్ రాలేదు. ఈ వాక్యం రాసేటప్పుడు ఆమె ఏమీ అనలేదు, కొట్టేయమని కూడా అనలేదు. అందుకే ఇప్పుడు మా ఇంట్లో రోస్టరు వేశాం. రాత్రి 8 నుంచి 1 దాకా అబ్బాయి, 1 నుంచి 5 దాకా కోడలు, 5 తర్వాత మేము. పాలు తాగే బిడ్డ తల్లి ఎప్పుడైనా లేవాల్సిందే, నిజమే. కానీ పాలిచ్చాక భుజాన వేసుకుని తట్టడానికీ గుడ్డ మార్చడానికీ తల్లే అక్కర్లేదు. బాలింతకు వరసగా నాలుగు గంటలు నిద్ర దొరికితే ఆ ఇంట్లో సగం గొడవలు ఉండవు. మగవాళ్ళు ఈ పేరా రెండుసార్లు చదవాలని ఇంటామె మాట.

ఇప్పుడు తెలుగు దగ్గరికి వస్తాం. మన మీటింగుల్లో ఎప్పుడూ ఒకటే మాట, పిల్లలకు తెలుగు పోతోంది అని. 2006 చట్టం వచ్చాక బళ్ళలో తెలుగు ఎట్లా తగ్గిందో మనందరికీ తెలుసు, ఆ పోరాటం చేయాల్సిందే. కానీ మాకు తెలుగు బడిలో రాలేదు. బడి మొత్తం తమిళమే. మాకు తెలుగు వచ్చింది రాత్రి 8 గంటలకు, దీపం తగ్గించాక, అవ్వ పాటలో. ఆమెకు చదువు లేదు. ఎవరూ రాయని పాట. అందులో మేనమామ పేరు, ఆయన తెచ్చే మురుగుల పేరు, ఎప్పుడో వదిలి వచ్చిన ఊరి పేరు, చెరువు పేరు అన్నీ వచ్చేవి. పక్కింట్లో తమిళమ్మ ఆరారో అంటుండేది, ఇక్కడ అవ్వ జోజో అంటుండేది. వాళ్ళు దాన్ని తాలాట్టు అంటారు. తాల్ అంటే నాలుక, ఆట్టు అంటే ఊపడం. ఊపడానికి చెయ్యే కావాలని లేదు, నాలుక చాలు అని దాని అర్థం కదా. ఆ పాట ఉంటే మోటారు తూళి అక్కర్లేదు, ఫోను అక్కర్లేదు. రెండేళ్ళ లోపు బిడ్డకు స్క్రీనే చూపించవద్దని మన దేశపు పిల్లల డాక్టర్ల సంఘం కూడా చెప్పింది. ఫోనులో జోలపాటలు దొరుకుతాయి అంటారు. దొరుకుతాయి. మధ్యలో ప్రకటన కూడా వస్తుంది, బిడ్డ ఉలిక్కిపడి లేస్తాడు.

మా కోడలు మనవాళ్ళ పిల్లే, చదువంతా ఇంగ్లీషు. మొదట్లో, "నాకు పాట రాదు మామా, పదాలు తెలియవు" అని సిగ్గుపడింది. ఇంటామె అంది, "పదాలదేముందమ్మా, సరుకుల చీటీ రాగం తీసి చదువు, వాడికేం తెలుస్తుంది" అని. ఆ రాత్రి గదిలోంచి వినిపించింది, కందిపప్పు, చింతపండు, గసగసాలు, అన్నీ రాగంగా. మేము బయట నవ్వు ఆపుకుంటా కూర్చున్నాం. బిడ్డ పడుకున్నాడు. ఇప్పుడు రోజూ అదే పాట. వారానికోసారి సరుకులు మారతాయి. వాడు పదిహేనో నెలలో పప్పు అన్నాడు.

వచ్చే కమిటీ మీటింగులో మేము అడగబోయేది ఇదే, ముందే చెప్తున్నాం, ఎవరూ ఆశ్చర్యపోవద్దు. ఉగాది ప్రోగ్రాం మధ్యాహ్నం 3:30కి మొదలవ్వాలి. అతిథి వచ్చినా రాకపోయినా మొదటి అంశం పిల్లలదే. వాళ్ళు అవగొట్టాక మనం ఎన్ని శాలువాలైనా కప్పుకోవచ్చు. 7కి భోజనాలు, 8కి మండపం తాళం. వెనక గదిలో స్పీకరు లేకుండా, చాపలు, ఒక ఫ్యాను, దోమతెరతో బిడ్డల తల్లులకు చోటు. ఖర్చు ఎంతో లెక్కేశాం, పూలదండల ఖర్చులో సగం కూడా కాదు. అతిథికి ఆలస్యమవుతుందని ఎవరైనా అంటే, కార్డు మీద ఆయనకు 3 గంటలు అని వేద్దాం.

ఇంకో మనవి. మీ ఇళ్ళలో డెబ్బై, ఎనభై దాటిన అవ్వలు ఉంటే వాళ్ళు పాడే జోల ఫోనులో రికార్డు చేసి సంఘానికి పంపండి. బిడ్డలకు వినిపించడానికి కాదు, కొత్త తల్లులూ తండ్రులూ నేర్చుకోవడానికి. తమిళం కలిసినా, మధ్యలో మాటలు మరిచిపోయి ఊఁ ఊఁ అన్నా సరే. మా ఇంటామెది ఇప్పటికే రికార్డు చేశాం. మధ్యలో మనవడు దగ్గుతాడు, అది పట్టించుకోకండి.